అయిదు నిమిషాల కేకు

గత సంవత్సరము ఒక ఆదివార ఆరాధనలో అప్పులనుగూర్చి ప్రసంగిస్తూ, పుట్టినరోజు కేకులకోసం వడ్డీకి డబ్బు తెచ్చేవారిని గట్టిగా గద్దించాము. ఆ మాట ఇప్పటికీ సరియైనదే అనుకొంటాము. కాని ఎవరి చెవిని పడుతుందో మేము ఆలోచించలేదు.

ఆ తరువాత రెండు వారాలు ఒక పాప సండేస్కూలుకు రాలేదు. తల్లిదండ్రులు లేని ఆ బిడ్డను అవ్వ కూలి చేసి పెంచుతున్నది. సాయంకాలం వారి ఇంటికి వెళ్ళాము. అవ్వ తల వంచుకొని, "అయ్యగారూ, బేకరీలో కేకు చెప్పుకొని, మీ ప్రసంగం విన్నాక వద్దన్నాను. అప్పటినుంచి పిల్ల అలిగింది. పుట్టినరోజు ఈ రోజే" అన్నది. ప్రార్థన చేద్దామంటే మాకు నోట మాట రాలేదు. పట్నానికి ఆఖరి బస్సు కూడా వెళ్ళిపోయింది.

సారెపతు విధవరాలు ఏలీయాకు అప్పము చేసిపెట్టిన సంగతి ఎన్నిసార్లు ప్రసంగించామో! విధవరాలికి మేము చేసిపెట్టినది మాత్రం ఒక్కటీ జ్ఞాపకం రాలేదు.

మా ఇంట్లో ఒక మైక్రోవేవ్ ఉన్నది. మా బావమరిది కొత్తది కొనుక్కొని పాతది మాకిచ్చాడు. సంఘస్థులు చూస్తే ఏమనుకొంటారోనని దానిమీద గుడ్డ కప్పి ఉంచేవాళ్ళం. 1945లో అమెరికాలో రాడార్ పరికరం దగ్గర నిలుచున్న పెర్సీ స్పెన్సర్ అనే ఇంజనీరు జేబులోని చాక్లెట్ కరిగిపోవడంతో ఈ పొయ్యి ఆలోచన పుట్టిందని చెబుతారు. ఆయనకూడా చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకొని బంధువుల ఇంట పెరిగినవాడే.

మా శ్రీమతి కప్పు మైదా, ముప్పావు కప్పు పంచదార పొడి, మూడు చెంచాల కోకో, చిన్న చెంచాడు బేకింగ్ పౌడరు, చిటికెడు ఉప్పు జల్లించింది. రెండు గ్రుడ్లు, అరకప్పు నూనె, అరకప్పు పాలు గిలకొట్టి అందులో కలిపింది. స్టీలు గిన్నె పెడితే నిప్పురవ్వలు లేస్తాయి గనుక గాజు గిన్నెకు నూనె రాసి సగంవరకే పోశాము. బాగా ఉడకాలని ఎనిమిది నిమిషాలు పెట్టాము. రాయి వచ్చింది! ఆ తరంగాలు పిండిలోని తడిని వేడిచేస్తాయి. తడి ఆరిపోతే ఇక గట్టిపడడమే. రెండవసారి అయిదు నిమిషాలకే, పైన కొంచెం చెమ్మ ఉండగానే ఆపాము. పది నిమిషాలు కదపకుండా ఉంచితే లోపలి వేడికే మిగతాది ఉడికింది. లోపలి గాలి వేడెక్కదు గనుక బేకరీ కేకులా పైన పొర కట్టదు. పుడకతో గుచ్చితే శుభ్రంగా వచ్చింది. అంతలోనే కరెంటు పోయింది.

గుడిలోని కొవ్వొత్తి వెలిగించి, పళ్ళెం పట్టుకొని వెళ్ళాము. పాప కేకువైపు చూసి, మావైపు చూసి, "అయ్యగారూ, తింటే తప్పు కాదా?" అని అడిగింది.

"తప్పు కాదమ్మా. నీ పండుగ పోయేలా చెప్పడం మాదే తప్పు" అన్నాము. మొదటి ముక్క అవ్వ నోట్లో పెట్టింది. అవ్వ కొంగుతో ముఖం కప్పుకొన్నది.

వచ్చే ఆదివారం వేదికమీదనుండి, అవ్వ పేరు చెప్పకుండా, ఆ మాటే ఒప్పుకొన్నాము. మైక్రోవేవ్ మీది గుడ్డ తీసివేశాము. రాయిలాంటి మొదటి కేకును మాత్రం టీలో నానబెట్టుకొని రెండు రోజులు తిన్నాము.