పంపు మీద సీలు

అబుదాబిలో మఫ్రఖ్ మీదుగా గువైఫాత్ రోడ్డు పట్టే ట్రైలర్లలో నాది పాత బండి. కంప్యూటర్ లేదు, ఇంజిన్ పక్కన ఇన్‌లైన్ పంపు. ఎండలు ముదిరాక లోడు మీద లాగడం తగ్గింది. ముసఫ్ఫాలో ఒక ఉస్తాద్‌ను బతిమాలి, పంపుకున్న సీలు తెంపించి, డీజిల్ స్క్రూ కాస్త తిప్పించాను. ఆయన వద్దనే అన్నాడు. పికప్ అదిరింది. వెనక నల్లపొగ చూసి అదంతా పవరే అని మురిసిపోయాను.

ఆ సీలు ఎందుకుందో ఇంజిన్ విప్పినప్పుడు గానీ తెలియలేదు. పెట్రోల్ ఇంజిన్‌లో గాలికి తలుపు ఉంటుంది. పాత డీజిల్‌కు ఉండదు, పీల్చగలిగినంత పీలుస్తుంది. వేగమంతా పంపు పోసే డీజిల్ చేతిలోనే. అదుపు లేకపోతే ఇంజిన్ పగిలేదాకా తిరుగుతుంది. అందుకే పంపు వెనక గవర్నర్: వేగం పెరిగేకొద్దీ లోపలి బరువులు బయటికి విచ్చుకుని, ర్యాకు అనే కడ్డీని వెనక్కి లాగి డీజిల్ తగ్గిస్తాయి. టర్బో బండికి ఇంకో కాపలా. టర్బో గాలి పుంజుకునేదాకా పంపు మీది డయాఫ్రం పూర్తి డీజిల్ పోనివ్వదు. వీటన్నిటికీ పైన, ఇంతకు మించి వద్దని గీత గీసేది ఆ స్క్రూ; దాన్ని ఎవరూ కదపకూడదనే సీలు.

కిలో డీజిల్ పూర్తిగా కాలాలంటే దాదాపు 14.5 కిలోల గాలి కావాలి. 45 డిగ్రీల గాలి 15 డిగ్రీల గాలికంటే ఇంచుమించు పదో వంతు పలచన. ఎండలో బండి కొంత బరువెక్కడం రోగమేం కాదన్నమాట. గాలి తగ్గిన చోట డీజిల్ పెంచితే కొంత మసి, మిగతాది వేడి. అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అదనపు డీజిల్‌తో లోడు లాగే ఇంజిన్‌లో టర్బోకు పోయే పొగే ఆ వేడిని దాటగలదు. తరీఫ్ దాటాక ఆయిల్ మూత దగ్గర పొగ తన్నింది. విప్పితే ఒక పిస్టన్ తలకు బొక్క.

అప్పుడే ఎయిర్ ఫిల్టర్ కూడా తీశారు. ఇసుకతో అట్టకట్టి ఉంది. బండికి కావలసింది గాలి, నేను పోయించింది డీజిల్. నెలల తరబడి జీతంలో కోత పడింది. ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఓటీ లేదని చెప్పాను.

ఇప్పటి కామన్‌రైల్ బండ్లకు ఆ స్క్రూ లేదు. నీళ్లు మరిగినా, ఆయిల్ ప్రెషర్ పడిపోయినా కంప్యూటరే డీజిల్ కోసేసి బండిని నెమ్మది చేస్తుంది. కుర్ర డ్రైవర్లు దాన్ని తిట్టుకుంటూ, ల్యాప్‌టాప్ పెట్టి పవర్ పెంచేవాడి నంబర్ కావాలి, అన్నా అంటారు. ముందు ఎయిర్ ఫిల్టరూ రేడియేటరూ చూసుకుని రమ్మంటాను.