కనవడకుంటే లేనట్టేనా?

మొన్న సెలవులకు బోయినపల్లి పోయినప్పుడు ల్యాప్‌టాప్ ముందేసుకుని కూర్చున్నా. అమ్మ చాయ్ తెచ్చి స్క్రీన్ వైపు చూసి, "ఇదేందిరా, గీత గింత సక్కగున్నది?" అంది. నాకు జవాబు చెప్పబుద్ధి కాలేదు. ఆ గీత అంత సక్కగా ఉండటానికి కారణం నేనే.

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. ఫ్యాక్టరీలు వదిలే నీళ్ల లెక్కలు చూపించే డ్యాష్‌బోర్డులు రాస్తుంటా. బాగా కాలుష్యం చేసే 17 రకాల పరిశ్రమలు ఆన్‌లైన్ మీటర్లు పెట్టాల్సిందేనని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2014లోనే ఆదేశించింది. మా క్లయింట్ ఒకరి ప్లాంటు సముద్రం పక్కన. అక్కడి సెన్సర్ కొన్ని రాత్రులు ఆగిపోయేది. "గ్రాఫ్‌లో ఖాళీ బాగుండదు, పాత విలువనే కంటిన్యూ చేయండి" అన్నారు. రెండు లైన్ల కోడ్. రాసిచ్చేశా.

సముద్రం సంగతి అప్పటిదాకా నాకు పట్టలేదు. మనది నీళ్లు పైకి ఎత్తిపోసే జిల్లా, తీరం ఎక్కడో ఉంది. కానీ ఆ రెండు లైన్లు నిద్ర పట్టనివ్వక చదవడం మొదలుపెట్టా.

చాలా దేశాలు దశాబ్దాల పాటు ఫ్యాక్టరీ చెత్తను ఓడల్లో నింపి నడి సముద్రంలో పారబోశాయి. దాన్ని అదుపు చేయడానికి 1972లో లండన్ ఒప్పందం వచ్చింది. పారిశ్రామిక వ్యర్థాల పారబోతను 1995 చివరికల్లా ఆపేయాలని 1993లో సభ్యదేశాలు నిర్ణయించాయి. దక్షిణ కొరియా అయితే మెట్లు మెట్లుగా వచ్చింది. 2012లో మురుగు బురద, 2013లో ఆహార వ్యర్థాల నీళ్లు ఆపి, 2016 నుంచి మొత్తం బంద్ పెట్టింది.

ఇక్కడే ఒక మెలిక ఉంది. ఆ ఒప్పందం పారబోత అనేది ఓడల నుంచి, విమానాల నుంచి పడేసేదాన్ని. ఒడ్డు నుంచి పైపు వేసి వదిలితే అది దాని కిందికి రాదు. మన పరవాడ ఫార్మా సిటీ నుంచి శుద్ధి చేసిన నీళ్లు పైపులోనే సముద్రానికి పోతాయి. నక్కపల్లి దగ్గర రాజయ్యపేట మత్స్యకారులు 2021లో ఫార్మా పైపులైన్ వద్దని దీక్షలకు కూర్చున్నారు. 2025లో బల్క్ డ్రగ్ పార్కు వద్దని మళ్లీ రోడ్డెక్కారు. శుద్ధి సరిగా జరిగిందని వాళ్లు నమ్మాలంటే ఏం చూడాలి? నాలాంటోడు రాసిన గ్రాఫే కదా!

"అయితే అన్నీ మూసేయాలి" అనడం తేలిక. మా చిన్నబాపు సిరిసిల్లలో అద్దకం పని చేసేవాడు. చిన్నప్పుడు ఆయన దగ్గరికి పోతే మోరీలో నీళ్లు ఒకరోజు ఎర్రగా, ఒకరోజు నీలంగా పారేవి. ఆ మోరీ పక్కనే మా వాళ్ల అన్నం కూడా ఉంది. తమిళనాడులోని తిరుప్పూర్‌లో నొయ్యల్ నది పాడైందని 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అద్దకం యూనిట్లను మూయించింది. వందల యూనిట్లు ఆగాయి, కూలీల పని పోయింది. తర్వాత నీళ్లను మరిగించి, ఉప్పును వేరుచేసి, అదే నీటిని మళ్లీ వాడే పద్ధతితో తెరుచుకున్నాయి. అంటే దారి ఉంది. కాకపోతే కరెంటు ఖర్చు, మిగిలిన ఉప్పును దాచే చోటు, పని పోయే వాళ్ల సంగతి ముందే రాసుకోవాలి. మేం పాత ఏపీఐని తీసేసేటప్పుడు ఏడాది ముందే తేదీ ప్రకటిస్తాం, వాడేవాళ్లకు కొత్త దారి చూపిస్తాం. సముద్రంలోకి పోయే పైపులకు అలాంటి తేదీ ఒక్కటి కూడా నాకు కనిపించలేదు.

ఆ సాయంత్రం అమ్మతో మిడ్ మానేరు కట్ట మీదికి పోయా. అమ్మ పుట్టినూరు ఆ నీళ్ల కిందే ఉంది. గ్రాఫ్ సంగతి అప్పుడు చెప్పా. "రాత్రి ఏమైందో తెల్వదమ్మా. అందుకే పాత లెక్కనే చూపిస్తున్నం" అన్నా.

అమ్మ నీళ్ల దిక్కు చూసుకుంటనే అంది: "కనవడకుంటే లేనట్టేనా బిడ్డా? మా ఇల్లు గూడ కనవడ్తలేదు."

సోమవారం ఆఫీసుకెళ్లి ఆ రెండు లైన్లు తీసేశా. సెన్సర్ ఆగిన గంటల్లో ఇప్పుడు బూడిదరంగు పట్టీ, దాని మీద "డేటా లేదు" అని వస్తుంది. టీమ్ లీడ్ ఎందుకని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పా. క్లయింట్ కోపం మీదున్నాడు. వచ్చే నెల నా అప్రైజల్. ఏమవుతుందో చూడాలి.

నిన్న రాత్రి పట్టీ నాలుగు గంటల పొడుగుంది. దాన్ని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నా.