టీవీ మానితే మూర్ఛ మానదు

"టీవీ చూడడం మాన్పించేశామండీ. ఇంక మాత్రలెందుకని ఆపేశాం."

తెనాలిలో నా ఓపీలో ఈ మాట వినపడని నెల ఉండదు. పిల్ల తల్లి ఎంతో బాధ్యతగా చెబుతుంది దాన్ని. పిల్ల కోసం తానూ సీరియళ్ళు మానుకుంది, కేబుల్ తీయించేసింది, ఫోను బీరువాలో పెట్టి తాళం వేసింది. అయినా పొద్దున్నే పెరట్లో పళ్ళు తోముకుంటూ పిల్ల పడిపోయింది. ఆ తల్లిని కోప్పడాలా, ఓదార్చాలా? నేను రెండూ చేస్తాను. ముందు కోప్పడతాను.

చూపుకి సంబంధించిన మెదడు భాగం మన తల వెనకవైపు ఉంటుంది. కదలనిదాన్ని అది పెద్దగా పట్టించుకోదు, మార్పు మీదే దాని ధ్యాస. ఒక బొమ్మను కంటి లోపలి తెర (రెటీనా) మీద ఏమాత్రం కదలకుండా నిలబెడితే కాసేపటికి అది కనపడకుండా పోతుంది. అందుకే మనకు తెలియకుండానే కళ్ళు ఎప్పుడూ సన్నగా కదులుతుంటాయి. వెలుగు మారిన ప్రతిసారీ అక్కడి కణాల్లో ఒక విద్యుత్ అల లేస్తుంది. మనిషి మెదడులోని విద్యుత్తును మొదట నమోదు చేసింది జర్మనీలో హాన్స్ బెర్గర్, 1924లో. దీపం ఎంత వేగంగా మెరిస్తే ఆ అలలు అంత వేగంగా నడుస్తాయని ఇంగ్లండులో ఏడ్రియన్, మాథ్యూస్ 1934లో చూపించారు. చాలామందిలో మెదడు ఆ అలల్ని హద్దులో ఉంచుతుంది. కొందరిలో పుట్టుకతోనే ఆ పట్టు తక్కువ. బజారులో ఎవరి బేరం వాళ్ళు మాట్లాడుకుంటున్న జనమంతా ఒక్కసారిగా ఒకే కేక పెట్టినట్టు, కణాలన్నీ కలిసి ఒకే లయలో చెలరేగుతాయి. ఫిట్స్ అంటే అదే.

1997 డిసెంబర్ 16 సాయంత్రం జపాన్‌లో పోకెమాన్ కార్టూన్ చూస్తున్న పిల్లలు వందల సంఖ్యలో ఆస్పత్రుల పాలయ్యారు. తెర మీద ఎరుపు, నీలం సెకనుకు పన్నెండుసార్లు మారి మారి కొట్టాయి, అదీ కొద్ది సెకన్లే. సెకనుకు 3 నుంచి 30 మెరుపుల దాకా ప్రమాదమే, 15–20 దగ్గర మరీ ఎక్కువ. ముదురు ఎరుపు అన్నిటికన్నా చెడ్డది. మూర్ఛ ఉన్న నూరుమందిలో ఈ వెలుగు బెడద ముగ్గురికో అయిదుగురికో ఉంటుంది. ఎక్కువగా ఎదిగే వయసు పిల్లలు, వాళ్ళలోనూ ఆడపిల్లలు.

ఇంతవరకు చెప్పేసరికి తల్లి మొహం వెలుగుతుంది. "అదేనండీ, టీవీయే కదా!" అంటుంది. టీవీ ఒక్కటే కాదు తల్లీ. తెనాలి నుంచి రేపల్లె పాసింజర్‌లో సాయంకాలం పడమటి కిటికీ పక్కన కూర్చో. తాడిచెట్ల సందుల్లోంచి ఎండ కొట్టి ఆగి, కొట్టి ఆగి వస్తుంది. గంటకు 54 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 15 మీటర్లు. మూడు మీటర్లకో చెట్టుంటే సెకనుకు అయిదు మెరుపులు, కావలసినంత. పెనుమూడి వారధి మీద బస్సు వెళుతుంటే రెయిలింగు సందుల్లోంచి వచ్చే ఎండ, కాలవ నీళ్ళ మీద తళతళ, చెడిపోయి కొట్టుకునే ట్యూబులైటు, పెళ్ళి ఊరేగింపులో డీజే లైట్లు, శివరాత్రికి కోటప్పకొండ ప్రభల మీద పరుగెత్తే దీపాలు. వీటన్నిటినీ ఏ బీరువాలో పెట్టి తాళం వేస్తావు? ప్రభ ముందు పడిపోయిన పిల్లకు అమ్మవారు పూనిందని పసుపు నీళ్ళు చల్లి దణ్ణాలు పెట్టి, ఆర్నెల్ల తర్వాత నా దగ్గరకు తీసుకొచ్చినవాళ్ళున్నారు. ఆ ఆర్నెల్లూ ఆ పిల్లకు వైద్యం లేదు.

పెరట్లో పడిపోయిన పిల్లను నేను ఒక ప్రశ్న అడుగుతాను. "పొద్దున నిద్ర లేచాక చేతిలోవి ఎగిరిపడుతున్నాయా అమ్మా?" పిల్ల తల్లి వంక చూస్తుంది. తల్లి తల దించుకుంటుంది. దువ్వెన ఎగిరి గోడకు తగిలింది. కాఫీ గ్లాసు రెండుసార్లు ఒలికింది. చీర కుచ్చిళ్ళ మీద మరక చూపించి, "పెళ్ళి కావాల్సిన పిల్లవి, చేతుల్లో పట్టు లేదా అని తిట్టానండీ" అంటుంది, కళ్ళ నీళ్ళతో. అక్కడ నా కోపం పోతుంది. అవి మూర్ఛ తాలూకు ఉలికిపాట్లు. జ్యువెనైల్ మయోక్లోనిక్ ఎపిలెప్సీ అంటాం. దీంట్లో వెలుగు బెడద బాగా ఎక్కువ. నిద్ర చాలకపోతే మరీ ఎక్కువ. మందుకు చక్కగా లొంగుతుంది, మందు ఆపితే చాలామందిలో తిరగబెడుతుంది. చాలా ఏళ్ళు, కొందరికి జీవితాంతం వాడాల్సిందే. వెలుగు రెచ్చగొడుతుందంతే, జబ్బు ఉన్నది మెదడులో. టీవీ తీసేస్తే రెచ్చగొట్టేది ఒకటి తగ్గింది గాని జబ్బు ఎక్కడికీ పోలేదు.

బాపట్లలో గది తీసుకుని చదువుకుంటున్న కుర్రాడొకడు ఇదే జబ్బుతో ఒక ఆర్‌ఎంపీ దగ్గర కార్బమజెపిన్ వాడాడు. కొన్ని మూర్ఛలకు మంచి మందే అది. ఈ ఉలికిపాట్లను మాత్రం పెంచుతుంది. పెరిగాయి. మాత్రలు పడలేదని మానేసి పసరు మందుకు పోయాడు, తర్వాత ఏదో పొడికి. ఆ పొడి బాగా పనిచేసిందన్నాడు. మూలికల పేరుతో అమ్మే ఇలాంటి పొడుల్లో ఫినోబార్బిటోన్ కలిపిన సంగతి మన దేశంలోనే పరీక్షల్లో బయటపడింది. ఎంత కలిపారో తెలియని మందు అది, పొట్లం అయిపోయిన రోజున ఒక్కసారిగా ఆగిపోతుంది. అది ఆగిన వారంలో, రాత్రంతా చీకటి గదిలో ఫోను పట్టుకుని మేలుకుని, తెల్లారి కాలవలో స్నానానికి దిగాడు. ఒంటరిగా దిగాడు. ఈత వచ్చినవాడే. వాళ్ళ నాన్న తర్వాత నా దగ్గరకు వచ్చి పాత చీటీలన్నీ బల్ల మీద పరిచి, ఎక్కడ తప్పు జరిగిందో చూపించమన్నాడు. చూపించడానికి నాకు మనసు రాలేదు.

ఇదే జబ్బుతో రేపల్లె నుంచి వచ్చే ఒక అమ్మాయి కథ వేరు. రెండేళ్ళు మాత్రలు ఒక్కటి తప్పకుండా వేసుకుంది, ఒక్క ఫిట్ లేదు. ఆ తర్వాత రావడం మానేసింది. సంబంధం కుదిరిందట. మాత్రల డబ్బా మగపెళ్ళివారి కంట పడుతుందని ఇంట్లోవాళ్ళు ఆపించేశారు. అర్ధరాత్రి ముహూర్తం, మూడు రోజులుగా నిద్ర లేదు, ఎదురుగా వీడియో లైట్లు, ఆగకుండా ఫ్లాష్‌లు. పీటల మీదే పడిపోయింది. చేతిలో తాళాలు కుక్కారు, ముక్కు దగ్గర ఉల్లిపాయ పెట్టారు, నోట్లో చెంచా దూర్చి పన్ను విరగ్గొట్టారు. ఇనుముతో మూర్ఛ ఆగదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, తల కింద మెత్తటిది పెట్టి, నోట్లో ఏమీ పెట్టకుండా ఉండాలి. అయిదు నిమిషాలు దాటితే ఆస్పత్రికి పరుగెత్తాలి. అంతే.

పెళ్ళి సంగతి నా దగ్గర దాచడమే నాకు అన్నిటికన్నా బాధ. ఆడపిల్ల తల్లయ్యే ముందు మార్చాల్సిన మందులున్నాయి. వాల్ప్రొయేట్ ఈ జబ్బుకు గొప్పగా పనిచేస్తుంది, కాని కడుపులో బిడ్డకు హాని చేస్తుంది. ముందే తెలిస్తే తీరిగ్గా వేరే మందుకు మారుస్తాం. మూర్ఛను పెళ్ళికి అడ్డంగా చూపించే మాటను హిందూ వివాహ చట్టంలోంచి 1999లోనే తీసేశారు. మన ఇళ్ళలోంచి ఇంకా పోలేదు.

ఆ పెళ్ళి ఆగలేదు. మర్నాడే పెళ్ళికొడుకు స్వయంగా ఆమెను నా దగ్గరకు తీసుకొచ్చాడు. "ముందే చెబితే లైట్లు వద్దనేవాణ్ణి కదండీ" అన్నాడు. ఆ అబ్బాయి మీద నాకు ఎంత గౌరవం కలిగిందో చెప్పలేను. మందు మార్చాను, ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టాను. ఎదురుగా వెలుగు కొడుతుంటే రెండు కళ్ళూ మూసుకుంటే చాలదని, రెప్పల్లోంచి ఎర్రగా లోపలికి పోతుందని చెప్పి, ఒక కన్నును అరచేత్తో పూర్తిగా కప్పుకుని మొహం పక్కకు తిప్పుకోవడం ఆమె చేత చేయించి చూపించాను. సరిగ్గా కప్పుకుందో లేదో అతనే వంగి చూశాడు. రెండు నెలల మాత్రలు ఒకేసారి కొని పెట్టుకోమని, రేపల్లెలో అదే కంపెనీ మాత్ర దొరక్కపోతే షాపువాడిచ్చింది వేసుకోకుండా నాకు ఫోన్ చేయమని అతనికి చెప్పాను. నెంబరు రాసుకున్నాడు.