తేలే ఎముక

పదకొండేళ్ళు తప్పు చెప్పాను. అనంతపురంలో డిగ్రీ పిల్లలకు జువాలజీ చెప్పేవాణ్ణి. ఏడాదంతా కలిపి 550 మిల్లీమీటర్ల వాన పడితే చాలని మొక్కుకునే ఊళ్ళో సముద్ర జీవులంటే ఫార్మలిన్ సీసాలు, నల్లబల్ల మీద సుద్దముక్క బొమ్మలు. నేను మాత్రం సముద్రాన్ని ఎంత చూశాను గనక!

పాతూరులో ఒక మూలికల అంగట్లో సముద్రపు నురుగు కొన్నాను. అరచేతి పొడవున తెల్లటి పలక, గోటితో గీస్తే పిండిలా రాలుతుంది. ‘స్క్విడ్ ఎముక’ అని చీటీ అంటించి ల్యాబులో పెట్టాను. పుస్తకంలో సెపియా అనే కటిల్‌ఫిష్, లోలిగో అనే స్క్విడ్ పక్కపక్కనే ఉంటాయి. రెండిటికీ ఎనిమిది చేతులు, రెండు పొడుగాటి టెంటకిళ్ళు, మూడు గుండెలు, రాగి కలిసిన నీలి నెత్తురు. ఒకదాని ఎముక ఇంకోదానికి అంటగడితే ఏం పోయిందిలే అనుకున్నాను, కాదు, అసలు అనుకోనే లేదు.

ఏం పోయిందో ఒక కుర్రాడు పట్టుకున్నాడు. హిందూ మహాసముద్రంలో తిరిగే స్తెనోట్యూతిస్ అనే స్క్విడ్ పగలు వందల మీటర్ల లోతుకు దిగి, రాత్రి పైకొచ్చి వేటాడుతుందని చెబుతున్నాను. వాడు ఆ పలకను బీకరు నీళ్ళలో వేశాడు. తేలింది. వేలితో ముంచాడు. మళ్ళీ తేలింది.

“ఇట్ల తేలేది అంత లోతుకు ఎట్ల పోతాది సార్?”

“పరీక్షలో వచ్చేది అడుగు” అన్నాను. క్లాసంతా నవ్వింది. వాడు కూర్చున్నాడు.

ఆ వేసవిలో విశాఖ ఫిషింగ్ హార్బరుకు పోయి, తీరంలో దొరికే మామూలు స్క్విడ్‌నే ఒకటి కొని బ్లేడుతో కోశాను. లోపల ఎముక లేదు. ఎక్స్‌రే ఫిల్ములోంచి కత్తిరించిన ఈకలా, అవతలి వేలు కనబడేంత పలచని కైటిన్ రేకు ఉంది. సముద్రపు నురుగు కటిల్‌ఫిష్‌ది. సున్నపు గదుల్లో గాలి ఉండబట్టి తేలుతుంది, లోతు మరీ ఎక్కువైతే నీటి ఒత్తిడికి ఆ గదులు నలిగిపోతాయి. అందుకే కటిల్‌ఫిష్ నడిసముద్రపు లోతుల జోలికి పోదు. స్క్విడ్‌కు ఆ భయం లేదు. 1830లో లెసన్ అనే ప్రకృతి శాస్త్రవేత్త వర్ణించిన స్తెనోట్యూతిస్ ఔలానియెన్సిస్ సంగతే చూడండి. అరేబియా సముద్రంలో దాని పెద్ద రకం ఒళ్ళు అర మీటరు దాటుతుంది. భూమధ్యరేఖ దగ్గరి మరుగుజ్జు రకం జానెడులో సగానికే ఈడుకొస్తుంది, తక్కినవాటి వీపు మీద ఉండే వెలుగు మచ్చ దీనికి ఉండదు. (దాన్ని పిల్లగా లెక్కగట్టే తప్పూ చేశాను, అది వేరే కథ.) నా చీటీ ప్రకారమైతే ఇవన్నీ ఒడ్డు పక్కనే పడి ఉండాలి.

కాలేజీ తెరిచాక చీటీ చింపేశాను. బీకరు తెప్పించి, విశాఖ నుంచి తెచ్చిన రేకును ఆ కుర్రాడి చేతికే ఇచ్చాను. నీళ్ళలో వేసి వేలితో ముంచాడు. అది నెమ్మదిగా అడుక్కు చేరింది.

“ఇదైతే పోతాది సార్” అన్నాడు.