వంగే రేకు

గార్డ్‌రెయిల్ కూడా ఒక ప్రమాదమేనని రోడ్డు ఇంజనీర్లే చెబుతారు. వీలైతే పక్కనున్న చెట్టు తీసెయ్యాలి, గట్టు వాలు తగ్గించాలి. అవేవీ కుదరకపోతేనే రెయిల్. మేముండే నెబ్రాస్కాలోనే, యూనివర్సిటీ వాళ్ళు కార్లతో గుద్దించి మరీ ఒక డిజైన్ తేల్చారు: ఎత్తు 31 అంగుళాలు, స్తంభానికీ స్తంభానికీ మధ్య 75 అంగుళాలు. బండి తగిలితే స్తంభాలు ఒరుగుతాయి, రేకు వంగుతుంది, బండి మళ్ళీ రోడ్డు వెంట తిరుగుతుంది. దెబ్బ తను తీసుకుంటుంది కాబట్టి, బాగా వంగిన రేకుని మార్చాల్సిందే.

మా కౌంటీ రోడ్డులో వాగు మలుపు దగ్గర రేకుకి మూడు వారాలుగా పెద్ద సొట్ట. నైట్ షిఫ్ట్ నుంచి మా ఆవిడ అటే వస్తుంది. ఎవరో వాగులో పడకుండా బయటపడ్డారన్న ఊరట నిజమే. కానీ ఆ రెయిల్ వాళ్ళకోసం ఖర్చైపోయింది. తర్వాతి బండికి కొత్తది కావాలి.