అరసవల్లిలో పలకా బలపం

శ్రీకాకుళం రోడ్డు స్టేషన్ అని పేరే గానీ అది ఉన్నది ఆమదాలవలసలో. రైలు దిగి, బస్సెక్కి మరో పదమూడు కిలోమీటర్లు వస్తే గానీ శ్రీకాకుళం రాదు. ఏడు రోడ్ల కూడలిలో అరసవల్లి ఆటో ఎక్కేసరికి బారెడు పొద్దెక్కింది. సంక్రాంతి వెళ్లిన వారం. దారి పక్క కళ్లాల్లో కుప్పలు ఇంకా ఉన్నాయి. నా గుడ్డ సంచిలో నెల కిందట కొన్న టాబ్, దాని పెన్ను ఉన్నాయి. కాగితం పుస్తకం లేకుండా నేను ఊరు దాటడం అదే మొదటిసారి.

ఉత్తరాంధ్ర పల్లె మాటలు పోగు చేయడం నాకు చాలా ఏళ్లుగా అలవాటు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీద విరుచుకుపడినప్పుడు మా కిటికీ రెక్క ఊడి, బల్ల మీది నాలుగు నోటు పుస్తకాలు తడిసి ముద్దయ్యాయి. నీలం సిరా అంతా ఒకే మరక. అందులో కొన్ని మాటలు చెప్పినవాళ్లు అప్పటికే కాలం చేశారు. మళ్లీ వెళ్లి అడగడానికి వీల్లేదు. రాసినదానికి రెండో ప్రతి ఉండాలని అప్పుడే అనుకున్నాను. టాబ్ కొనే దాకా ఆ పని కాలేదు.

కొనడంలోనూ ఒకసారి దెబ్బతిన్నాను. మొదట ఇంట్లో ఉన్న మామూలు టాబ్‌కి మూడు వందల రూపాయల రబ్బరు మొన పెన్ను తెచ్చుకున్నాను. అది వేలికి బదులు వాడే పుల్ల, అంతే. తెరకు వేలికీ పెన్నుకీ తేడా తెలియదు. అరచేయి ఆనిందంటే అక్కడా గీతే. చెయ్యి గాల్లో పెట్టి తెలుగు ఒత్తులు రాయడం ఎవరివల్లా కాదు. ఆ తరువాత 14,000 రూపాయలకు, ఎవరో వాడి అమ్మేసిన టాబ్ ఒకటి పెన్నుతో సహా దొరికింది. దీని అద్దం కింద పెన్నును పసిగట్టే పొర వేరుగా ఉంటుంది. ఆ పొర నుంచే పెన్నుకు శక్తి అందుతుంది కాబట్టి పెన్నుకు చార్జింగ్ అక్కర్లేదు. పెన్ను మొన దగ్గరకు రాగానే తెర అరచేతిని లెక్కచేయడం మానేస్తుంది. కొనబోయేవాళ్లు దుకాణంలోనే చెయ్యి పూర్తిగా ఆనించి ‘లక్ష్మి’, ‘జ్యోత్స్న’ అని రాసి చూడండి. ఒత్తు ఒత్తుగా పడితేనే డబ్బులివ్వండి.

గుడి లోపలికి టాబ్ తీసుకెళ్లకూడదు కదా, బయటే అప్పగించి వెళ్లాను. ఒకందుకు అదే మంచిదైంది. చేతిలో ఏదీ లేకపోతే కన్ను నిదానంగా చూస్తుంది. నల్లరాతి సూర్యనారాయణ స్వామి, రెండు చేతుల్లో పద్మాలు, ఉష, ఛాయ, పద్మ, ఏడు గుర్రాలు, పగ్గాలు పట్టిన అనూరుడు. ఏడో శతాబ్దంలో కళింగాన్ని ఏలిన దేవేంద్రవర్మ కట్టించిన గుడి అని చెబుతారు. మార్చిలోనూ అక్టోబరులోనూ కొద్ది రోజులపాటు పొద్దుటి కిరణాలు నేరుగా లోపలికి వచ్చి స్వామి పాదాలను తాకుతాయి. ఆ వెలుగు వచ్చే దారిలోనే నిలబడి గుమ్మం నుంచి పాదాల దాకా చూపుతో కొలుచుకున్నాను.

బయటికి వచ్చి ఇంద్ర పుష్కరిణి మెట్ల మీద టాబ్ తెరిస్తే ఎండకు తెర అద్దంలా నా మొహాన్నే చూపించింది. వెలుతురు పూర్తిగా పెంచినా అక్షరం ఆనలేదు. ఈ ధరలో దొరికే తెరలన్నీ దాదాపు ఇంతే, నీడ ఉంటేనే పని. నీడ పట్టున కూర్చుని, ఇందాక చూసిన గుర్రాలను వేస్తున్నాను. మొక్కు తీర్చుకుని, గుండుకు గంధం రాసుకుని పక్కన కూర్చున్న ఓ పెద్దాయన తొంగి చూశారు.

“అదేటి బాబూ, పలకలాగుందే! బలపం కూడా ఉంది.”

“పలకే తాతా. పాత మాటలు రాసుకుంటున్నాను. మీరు ఏతం తొక్కారా?”

తొక్కకేం! ఆయన మొదలుపెట్టారు. ముందుగా అడిగి, మాట రికార్డు చేసుకుంటూ పెన్నుతో రాస్తున్నాను. ఏతంతో తోడిన నీళ్లతోనే చోళ్లు, గంటెలు పండించేవారట. రాగులు, సజ్జలు అని అర్థం మాత్రం పక్కన నీలి రంగులో వేసుకున్నాను. ఆయన మాటకు నలుపు. ఏతం బొమ్మ వేసి కర్రను సరిగ్గా నడిమికి గుంజల మీద ఆనించాను. ఆయన తల అడ్డంగా ఊపారు.

“అలాగెడితే నీళ్లు లెగవు. ఇటియ్యి, నానే గీసి సూపిత్తాను.”

పెన్ను అందుకున్నారు. మొదటి గీత వణికింది. రెండోది నిలబడింది. నా కర్రను చెరిపి, ఆనిక జరిపి, కర్ర మీద అడుగు పట్టుకు చిన్న చిన్న గాట్లు పెట్టారు. కొసన బాన వేలాడదీశారు. “తొక్కీవోడు ఇటు నడిత్తే బాన లెగుత్తాది. అటు నడిత్తే ములుగుతాది.” తాటాకు మీద గంటం పట్టినట్టు నిలువుగా పట్టుకున్నారు పెన్నును. ఆ బొమ్మ ఇప్పటికీ నా దగ్గర ఆయన గీసినట్టే ఉంది. అక్షరాలు టైపు చేసుకునే మనిషి చేతిలోంచి యంత్రం లాక్కుని ఎవరూ దిద్దరు. గీత కనబడితేనే చెయ్యి ముందుకొస్తుంది.

చిక్కు రాత్రి లాడ్జిలో మొదలైంది. చేతిరాతను అచ్చక్షరాలుగా మార్చే సదుపాయం ఉంది కదా అని ఆయన మాటల్ని అందులో రాశాను. ‘సూపిత్తాను’ అంటే ‘చూపిస్తాను’ అయింది. ‘సెప్పాల’ అంటే ‘చెప్పాలి’ అయింది. మళ్లీ రాస్తే మళ్లీ దిద్దింది. నెల రోజులుగా ముద్దు చేసిన వస్తువు మీద ఆ రాత్రి నాకు నిజంగా కోపం వచ్చింది. ఆయన తప్పు మాట్లాడలేదు. ఆ మాటే కావాలని ఇంత దూరం వచ్చాను.

ఈ జిల్లాలోనే పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పుట్టారు. ముఖలింగం గుడి శాసనాలు చదవడం సొంతంగా నేర్చుకున్నారు. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవర భాష పట్టుకున్నారు. సవరలు పలికింది పలికినట్టు రాసుకుంటూ పోతే ఆ భాషకు వ్యాకరణం తేలింది. 1931లో అది ఇంగ్లీషులో అచ్చయింది. ‘ఇది తప్పు, అది ఒప్పు’ అని పైనుంచి దిద్దే పద్ధతి మీదే ఆయన జీవితమంతా పోరాడారు. అదే దిద్దుబాటు ఇప్పుడు టాబ్‌లో అడక్కుండానే జరిగిపోతోంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వ్యవసాయ పదాలతో వచ్చిన మాండలిక వృత్తిపదకోశం తెరిస్తే తెలుస్తుంది, ఒక్క పనిముట్టుకే ఊరూరా ఎన్ని పేర్లో. ఆ పదాలు పోగు చేసినవాళ్లు రైతు నోటి మాటను దిద్దుకుంటూ పోయి ఉంటే అందులో ఒక్క పేరే మిగిలేది.

అప్పటి నుంచి నా పద్ధతి మార్చుకున్నాను. రాత రాతగానే ఉంచుతాను, అచ్చుగా మార్చను. వెతుక్కోవడానికి వీలుగా పుట పైన ఊరి పేరు, తేదీ మాత్రం టైపు చేస్తాను. ఏ రోజు పుటలు ఆ రాత్రే రెండు చోట్ల దాస్తాను. పద్నాలుగు వేల వస్తువుతో ఇంత పని జరుగుతుంది. దీనికి లక్ష రూపాయల పరికరం అక్కర్లేదు.

ఈసారి పొందూరు వెళ్తున్నాను. అక్కడ ఖద్దరు నూలు వడికే అమ్మలు వాలుగ చేప దవడతో పత్తిని శుభ్రం చేస్తారు. ఆ పనిలో ఒక్కో అంచెకు ఒక్కో పేరుంది. మీ ఇంట్లో ఏతం తొక్కినవాళ్లో, గూడ వేసినవాళ్లో, నూలు వడికినవాళ్లో ఉంటే ఈ వేసవి సెలవుల్లోనే వాళ్ల పక్కన కూర్చోండి. పెన్ను వాళ్ల చేతికీ ఇవ్వండి. వాళ్లు ‘సెప్పాల’ అంటే ‘సెప్పాల’ అనే రాయండి.