చెప్పడం అయ్యాక వచ్చే ప్రశ్న

సైన్స్ ఎగ్జిబిషన్ దగ్గర పడుతోంది. థర్మకోల్ షీట్లు, చార్టులు మీ ఇంటికీ వచ్చేసి ఉంటాయి. (మోడల్ నిజంగా ఎవరు చేస్తున్నారన్నది మనలో మనం అడుగుకోవద్దు లెండి!) పెద్దవాళ్లకూ ఇలాంటిదే ఒకటుంది. దాని గురించి మీతో చెప్పాలనిపించింది.

వైద్య పరిశోధనలో కొత్తగా అడుగుపెట్టినవారికి పిచ్ పోటీలు జరుగుతుంటాయి. తమ ఆలోచన ఏమిటో, దానికి డబ్బు ఎందుకు కావాలో కొద్ది నిమిషాల్లో నిపుణులకు చెప్పాలి. ఆ తర్వాత ప్రశ్నలు. కేంద్ర ప్రభుత్వ సంస్థ బైరాక్ ఇచ్చే ‘బిగ్’ గ్రాంటుకూ ఇలాగే ప్యానెల్ ముందు నిలబడాలి. ఎంపికైతే 18 నెలల పనికి 50 లక్షల వరకు ఇస్తారు. మన హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలోని ఐకేపీ నాలెడ్జ్ పార్క్ ఈ పథకంలో భాగస్వామి.

మా చెల్లెలు ఇలాంటి ఓ పోటీకి వెళ్లింది. కంటి కింది రెప్ప లోపలి భాగాన్ని ఫోన్‌తో ఫోటో తీసి, సూది గుచ్చకుండానే రక్తహీనతను అంచనా వేయాలన్నది ఆమె ప్రయత్నం. రక్తం తగ్గితే అక్కడ పాలిపోతుంది. డాక్టర్లు రెప్ప కిందికి లాగి చూసేది అందుకే. నెల రోజులు సాధన చేసింది, పొల్లుపోకుండా చెప్పింది. అప్పుడు ప్యానెల్‌లోని ఒక డాక్టరమ్మ అడిగారట: “అంగన్‌వాడీ వరండాలో మిట్టమధ్యాహ్నం తీసిన ఫోటో, ట్యూబ్‌లైటు కింద తీసిన ఫోటో ఒకే రంగు చూపిస్తాయా అమ్మా?”

చెల్లెలి ఫోటోలన్నీ ల్యాబ్‌లో ఒకే లైటు కింద తీసినవి. గ్రాంటు రాలేదు.

ఆ రాత్రి ఫోన్లో ఏడుస్తుందనుకున్నాను. “అక్కా, రంగుల కార్డు పెట్టాలే!” అంది. కంటి పక్కన తెలిసిన రంగులున్న చిన్న కార్డు పెట్టి ఫోటో తీస్తే, వెలుతురు మారినా లెక్క సరిచేసుకోవచ్చట. రెండేళ్లుగా అదే గదిలో, అదే మనుషుల మధ్య ఎవరికీ తట్టని సంగతి అది. ప్రశ్న విలువైనదే, కాదనను. కానీ చెక్కు లేకుండా పని నడవదు కదా. ఆమె ఫెలోషిప్ మార్చితో అయిపోతుంది.

జవాబులు నేర్పించడానికి మనం ఫీజులు కడుతున్నాం, అందులో తప్పేమీ లేదు. ఈసారి మాత్రం మోడల్ పూర్తయ్యాక బామ్మనో, పక్కింటి అంకుల్‌నో కూర్చోబెట్టి, తోచింది అడగనివ్వండి. పిల్లలు తడబడితే మీరు అందుకుని జవాబు చెప్పేయకండి. నాకైతే అదే అన్నిటికన్నా కష్టం.

చెల్లెలు వచ్చే నెల మళ్లీ వెళ్తోంది. మొన్న ఆదివారం మా హాల్లోనే రిహార్సల్ చేసింది. ఏడో తరగతి చదివే మావాడు అంతా విని, “పిన్నీ, మరి కళ్లకలక వచ్చినవాళ్లకి?” అన్నాడు. ఆమె చెప్పడం ఆపి పెన్ను వెతుక్కుంది.